ప్రసాదం వద్దన్నాను, అతను నొచ్చుకున్నాడు. నేను నమ్మేది నలుగురికీ ఎలా చెప్పాలి?

రుషికొండ_శాంతి
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు, నమస్కారాలు. ఇక్కడ రెండేళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

ఇవాళ ఆఫీసులో జరిగింది చెప్తాను. మా టీమ్‌లో ఒకబ్బాయి వాళ్ళ అమ్మానాన్నలతో అన్నవరం వెళ్ళి, వ్రతం చేయించుకుని వచ్చాడు. ప్రసాదం పొట్లాలు ఓ సంచీడు తెచ్చి, ఒక్కో డెస్కు మీదా ఒక్కోటి పెట్టుకుంటూ వస్తున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి "వద్దు, మేం తినం" అనేశాను. నేను అనకుండా "మేం" అని ఎందుకన్నానో నాకే తెలీదు. అతను పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అడ్డాకు మీద నెయ్యి మెరుస్తోంది. వెనక్కి తీసుకోవాలో, టేబుల్ మీద పెట్టాలో అర్థం కానట్టు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తర్వాత నవ్వి "పర్లేదులెండి" అని వెళ్ళిపోయాడు. రోజూ "నువ్వు" అనే మనిషి. మధ్యాహ్నం క్యాంటీన్‌లో వేరే టేబుల్ దగ్గర కూర్చున్నాడు.

సాయంత్రం క్యాబ్‌లో ఇంకో కొలీగ్ అడిగింది: "గోధుమనూక, బెల్లం, నెయ్యి. అందులో మీ దేవుడికి ఏం ఇబ్బంది?" నేను "చిన్నప్పట్నుంచీ అంతే" అన్నాను. సండేస్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి ప్రైజులు తెచ్చుకున్నదాన్ని. ఒక్క ప్రశ్నకి జవాబు రాలేదు. సాగర్‌నగర్ నుంచి మద్దిలపాలెం వరకు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

గొడవ కోసం అడగడం లేదు. మీరైతే ఏం చెప్పేవారు?

ఉక్కునగరం_పెద్దాయన
శుక్రవారం, రాత్రి 10:15

వందనాలమ్మా. నువ్వు చేసింది సరైన పనే, బాధపడకు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చూడు. యెరూషలేములో పెద్దలు కూర్చుని, అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులకి రాసిన ఉత్తరంలో మొదటి మాటే విగ్రహాలకు అర్పించినవాటిని విసర్జించమని. ఇందులో రాజీ లేదు. లోకం నొచ్చుకుంటుందని మనం వాక్యాన్ని వదులుకుంటామా? ముప్ఫై నాలుగేళ్ళు ప్లాంటులో చేశాను. ప్రతి ఏడూ విశ్వకర్మ పూజ చేసేవారు. ఒక్కసారి ముట్టుకోలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

జగదాంబ_జంక్షన్
శుక్రవారం, రాత్రి 10:22

మొహం మీద అనలేదు అంకుల్. మీరటు వెళ్ళాక అనుంటారు 😀

భీమిలి_తెలుగు_టీచరు
శుక్రవారం, రాత్రి 11:05

శాంతీ, పెద్దాయన గారు చెప్పిన వాక్యం ఉన్నదే. కానీ అదే విషయం మీద తొలినాటి బోధకుడు పౌలు గ్రీసులోని కొరింథు వాళ్ళకి రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు కూడా చదువు. అవి చదివితే ఇది "తినం" అన్న ఒక్కమాటతో తేలేది కాదని తెలుస్తుంది.

కొరింథులో గుళ్ళో బలి ఇచ్చిన మాంసం బజారుకి అమ్మకానికొచ్చేది. మన బైబిల్లో "కటికవాని అంగడి" అంటారు చూడు, అదే. విశ్వాసుల్లో కొందరు "విగ్రహం అసలు ఏమీ కాదు, మాంసం మాంసమే" అని తినేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు నిన్నటిదాకా ఆ గుళ్ళోనే మొక్కినవాళ్ళు కాబట్టి తినలేకపోయేవారు. పౌలు ఏమన్నాడు? అంగడిలో అమ్మేదాన్ని ఆరా తీయకుండా తిను. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తిను. ఇది బలి అర్పించింది అని ఎవరైనా చెబితే మాత్రం తినకు, అదీ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. గుళ్ళో పంక్తిలో కూర్చుని మందిరంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్లలోనూ పాలు పంచుకుంటాను, ఇక్కడా పంచుకుంటాను అంటే కుదరదని కూడా గట్టిగానే అన్నాడు.

అంటే తినకపోవడానికి కారణం ఆ నూకలో ఏదో ఉందని కాదు. ప్రసాదం అంటే ఉత్త తిండి కాదని మనకీ తెలుసు, ఇచ్చేవాళ్ళకీ తెలుసు. అది తీసుకోవడం ఒక ఆరాధనలో చెయ్యి కలపడం. నేను ఆ చెయ్యి ఇంకొకరికి ఇచ్చేశాను కాబట్టి ఇక్కడ కలపలేను. మా స్టాఫ్ రూములో నేను చెప్పే జవాబు ఇదే. నిజానికి ప్రసాదాన్ని ప్రసాదంగా గౌరవించడం వల్లే తీసుకోలేకపోతున్నాను. ఇది చెప్పినప్పుడు ఎవరూ నొచ్చుకోలేదు. చెప్పకుండా మొహం తిప్పుకున్న రోజుల్లో మాత్రం నొచ్చుకున్నారు.

సింహాద్రి_కిరణ్
శనివారం, ఉదయం 7:30

నేను హిందువుని. ప్రతి చందనోత్సవానికీ కొండెక్కే కుటుంబం. అవతలివైపు నుంచి ఒక మాట చెప్పొచ్చా?

టీచరు గారి జవాబు నాకు నచ్చింది. శాంతి గారూ, ఆ అబ్బాయి మీకు నూక ఉండలు పంచలేదు. కొండ మీద మీ పేరు కూడా తల్చుకుని ఉంటాడు. "నా మంచిలో నీకూ ఇంత" అని తెచ్చాడు. మీరు వద్దన్నది దాన్ని. మీరు క్రిస్టియన్ అని అతనికి తెలుసు కదా, మీరు నమ్మాలని కాదు ఇచ్చింది. మీరు తినకపోయినా ఏమీ అనుకోడు. ఆ "మేం" అన్న మాటకి నొచ్చుకుని ఉంటాడు. మేం వేరు, మీరు వేరు అని వినబడుతుంది అందులో.

ఇంకోటి. పెద్దాయన గారు "అన్యజనులు" అని అలవాటుగా రాసేశారు. మా వీధి చివర మందిరంలో ఆదివారం మైకులో ఇదే మాట. "అన్యుల మధ్య మనం ఎలా బతకాలి" అని. సార్, నేను ఆ మందిరం పక్కింట్లో పుట్టాను. వాళ్ళు కట్టుకునేటప్పుడు మా బోరు నుంచే నీళ్ళు తోడుకున్నారు. నేను అన్యుణ్ణి ఎప్పుడయ్యాను?

భీమిలి_తెలుగు_టీచరు
శనివారం, ఉదయం 8:10

కిరణ్ గారూ, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ మాట మూలంలో "జాతులు" అని. యూదులు కాని ప్రజలందరూ అందులో వస్తారు. ఆ లెక్కన చూస్తే మైకులో మాట్లాడుతున్న అయ్యగారూ అన్యుడే, నేనూ అన్యురాలినే! కొత్త నిబంధనలో ఆ మాట పడినచోటల్లా మనం ఆ గోడకి బయటి వైపునే ఉన్నాం. లోపలికి రానిచ్చారని సంతోషించాల్సింది పోయి మళ్ళీ ఇంకో గోడ కట్టాం.

మా విశ్వాసం జనానికి అర్థం కాకపోవడానికి సగం కారణం మా తెలుగే అని నా అనుమానం. చూడండి, "నిరీక్షణ" అంటే బయట ఎదురుచూడడం. బస్సు కోసం నిరీక్షణ. మందిరంలో దానికి అర్థం ఆశ, నమ్మకంగా పెట్టుకున్న ఆశ. "పాపం" అని బయట అంటే జాలి. "అయ్యో పాపం" అంటాం. గొంతు చించుకుని "మీరు పాపులు" అంటే వినేవాడికి తను దొంగతనమో హత్యో చేసినట్టు వినబడుతుంది. గ్రీకులో ఆ మాటకి అసలు అర్థం గురి తప్పడం. బాణం వేశాం, పక్కకి పోయింది. ఈ మాట మా ఎనిమిదో తరగతి పిల్లవాడికి చెబితే "మరైతే నేను రోజూ చేస్తాను టీచర్" అన్నాడు. వాడికి ఒక్క నిమిషంలో అర్థమైంది.

హేతువాది_గాజువాక
శనివారం, ఉదయం 9:02

నాకు ప్రసాదం పెట్టినా తింటాను, కేకు పెట్టినా తింటాను, రంజాన్‌కి హలీం పెడితే ఇంకొంచెం వెయ్యమంటాను. దేవుడు లేనివాడి జీర్ణశక్తి గొప్పది. గోరా గారు నాస్తిక ప్రచారం చేసేటప్పుడు అన్ని కులాలవాళ్ళనీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించేవారు. ఎదుటివాడు పెట్టింది తినడం కంటే పెద్ద వాదం లేదని ఆయనకి తెలుసు.

సరే, జోకు పక్కన పెడితే, శాంతి గారి అసలు ఇబ్బంది ప్రసాదం కాదు. తను ఎందుకు నమ్ముతోందో తనకే తెలీదు. అది తెలిస్తే ప్రసాదం మాట అర నిమిషంలో తేలిపోతుంది. మీరు ఎందుకు నమ్ముతున్నారు? అమ్మానాన్నలు నమ్మారు కాబట్టి అంటే కిరణ్ గారికీ అదే కారణం, ఇద్దరికీ పేచీ లేదు. నిజం కాబట్టి అంటే మాత్రం రుజువు చూపించండి.

ఉక్కునగరం_పెద్దాయన
శనివారం, ఉదయం 9:45

మొదటి పేతురు 3:15 చదవండి బ్రదర్. మీలో ఉన్న నిరీక్షణను గూర్చి "హేతువు అడుగు ప్రతివానికిని" సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని రాసి ఉంది. మేం ఎప్పుడూ సిద్ధమే.

హేతువాది_గాజువాక
శనివారం, ఉదయం 9:51

హేతువు అడుగు ప్రతివాడు! ఇది నా గురించే రాశారే. రెండు వేల ఏళ్ళ కిందటే నాకో కుర్చీ వేసి ఉంచారన్నమాట. కూర్చున్నాను, చెప్పండి.

భీమిలి_తెలుగు_టీచరు
శనివారం, ఉదయం 9:58

పెద్దాయన గారూ, ఆ వాక్యంలోనే "సాత్వికముతోను భయముతోను" అని కూడా ఉంది. మన ప్రసంగాల్లో అక్కడికి వచ్చేసరికి టైమ్ అయిపోతుంది :)

జగదాంబ_జంక్షన్
శనివారం, ఉదయం 10:30

ఏటి గురూ ఈ క్లాసులు. తెల్లోడు తెచ్చిన మతం, తెల్లోడితోనే పోవాల్సింది. [మిగతా వాక్యం తొలగించబడింది]

మోడరేటర్
శనివారం, ఉదయం 10:48

జగదాంబ గారూ, "బియ్యం బస్తా" (బియ్యం కోసం మతం మారారని ఎత్తిపొడుపు) లాంటి మాటలు ఇక్కడ కుదరవు. విదేశీ మతం అన్న ప్రశ్న అడగొచ్చు, అది ఉంచాను. అవమానం తీసేశాను. ఇంకోసారి అయితే వారం సెలవు.

పాత_పోస్టాఫీసు
శనివారం, మధ్యాహ్నం 12:20

విదేశీ అన్నారు కాబట్టి నా లాంటి పాత కాగితాల పిచ్చివాడికి పని తగిలింది. నేను కేథలిక్‌ని, వన్ టౌన్‌లో పుట్టి పెరిగాను. హార్బరు దగ్గర మూడు కొండలు మీరందరూ చూసే ఉంటారు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, రాస్ కొండ మీద మా మేరీమాత గుడి. "కొండగుడి" అంటాం. ఉత్సవం రోజు మెట్లెక్కేవాళ్ళలో మతం అడిగితే సగం మంది మావాళ్ళు కారు.

తెల్లవాళ్ళు తెచ్చారన్నది ఈ ఊరి వరకూ నిజమే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని సువార్తలు తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్ళకి తోడయ్యాడు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయారు. అంటే వచ్చిన సుమారు అయిదేళ్ళలోనే ఇద్దరూ పోయారు. ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీవాళ్ళకి మిషనరీలంటే పడేది కాదు, వ్యాపారం చెడుతుందని భయం. 1813 చార్టర్ చట్టం వచ్చేదాకా వాళ్ళకి చట్టప్రకారం దారే లేదు. పేరున్న మిషనరీ విలియం కేరీ అంతటివాడు డెన్మార్క్‌వాళ్ళ చేతిలో ఉన్న శ్రీరాంపూర్‌లో తలదాచుకోవాల్సి వచ్చింది. తర్వాత తర్వాత సర్కారు, మిషను దగ్గరయ్యాయి. అది కప్పిపుచ్చను.

కానీ మొత్తం మతాన్ని తెల్లోడి ఖాతాలో వెయ్యకండి. యేసు పుట్టింది ఆసియాలో. ఆయన శిష్యుడు తోమా మలబారు వచ్చాడన్నది సంప్రదాయం, దాన్ని రుజువు అనను. 6వ శతాబ్దంలో కాస్మస్ అనే యాత్రికుడు మలబారులో క్రైస్తవులున్నారని రాశాడు. అది మాత్రం కాగితం మీద ఉన్న మాట. ఇంగ్లండుకి అగస్టీన్ వెళ్ళింది 597లో. అంటే ఇంగ్లీషువాడి కంటే ముందు మలయాళీకి సువార్త అందింది.

హేతువాది_గాజువాక
శనివారం, మధ్యాహ్నం 12:41

చిన్న సవరణ. 314లో ఆర్ల్ సభకి బ్రిటన్ నుంచే ముగ్గురు బిషప్పులు వెళ్ళారు. కాబట్టి "ముందు" అన్నది కొంచెం తగ్గించండి. మీ పక్షాన ఉన్న వాదాన్ని నేను సరిచేయాల్సి రావడం బాగుంది.

పాత_పోస్టాఫీసు
శనివారం, మధ్యాహ్నం 12:44

దొరికిపోయాను. నిజమే, రోమన్ల కాలంలోనే అక్కడ సంఘాలున్నాయి. అగస్టీన్ వెళ్ళింది తర్వాత వచ్చిన ఆంగ్లో-శాక్సన్ల దగ్గరికి. ఇంగ్లీషువాడి కంటే ముందు అన్నది నిలబడుతుంది, బ్రిటన్ కంటే ముందు అనలేం.

మర్రిపాలెం_రాజు
శనివారం, సాయంత్రం 5:15

బియ్యం బస్తా మాట మోడరేటర్ తీసేశారు గానీ మేం దాన్ని స్కూల్లోనే విన్నాం. ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి నేను చెప్తాను.

మా ముత్తాత మారాడు. ఎందుకు మారాడో రాసి పెట్టలేదు, ఆయనకి రాత రాదు. మా నాయనమ్మ చెప్పేది ఒక్కటే: "మొదటిసారి ఒకడు మా అయ్యని కుర్చీలో కూకోమన్నాడు." దాన్ని ఆశ అంటారా, ప్రలోభం అంటారా, మీ ఇష్టం. నాకైతే అదే సువార్త.

మారితే ఏం వచ్చిందో చట్టం చెబుతుంది. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవుడైతే పోతుంది. మన రాష్ట్రంలో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్. అంటే మారడం వల్ల కోల్పోయేదే ఎక్కువ. బియ్యం కోసం మారినవాడు లెక్కలు రానివాడై ఉండాలి.

ఇదే కారణంగా చాలామంది కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతున్నారు. అది మోసం అని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి కేసులో కటువుగానే అంది. ఈ మాట మా మందిరంలో ఎత్తితే అందరూ నేల చూపులు చూస్తారు. విశ్వాసాన్ని సమర్థించుకోవడం అంటే హేతువాది గారికి జవాబు చెప్పడమొక్కటే కాదు, మా సర్టిఫికెట్ గురించి మా పిల్లలడిగితే ఏం చెప్తామన్నది కూడా. నేను ఇంకా చెప్పలేకపోతున్నాను. ఇక మారిన తర్వాత కూడా సంఘాల్లో కులం పోయిందా? పెళ్ళి సంబంధాల దగ్గర చూడండి, తెలుస్తుంది.

జగదాంబ_జంక్షన్
శనివారం, సాయంత్రం 6:02

రాజన్నా, ఆ కుర్చీ మాట నాకు తెలీదు. తీసేసిన ముక్కకి సారీ. విదేశీ మతం అన్నది మాత్రం వెనక్కి తీసుకోను 😀

హేతువాది_గాజువాక
శనివారం, రాత్రి 8:30

రాజు గారి పోస్టుకి నేను చేర్చేది ఏమీ లేదు. నా ప్రశ్న ఇంకా కుర్చీలోనే కూర్చుంది. చచ్చినవాడు లేచాడన్నదే మీ పునాది కదా, దానికి హేతువు?

పాత_పోస్టాఫీసు
శనివారం, రాత్రి 9:20

అవును, పునాది అదే. క్రీస్తు లేవకపోతే మా విశ్వాసం వ్యర్థమని పౌలే రాశాడు. ఇంత తెగించి చెప్పిన మతం ఇంకోటి నాకు తెలీదు. కూల్చాలంటే ఎక్కడ కొట్టాలో తనే చూపించింది.

రుజువు అని అనను, ఆధారాలు అంటాను. యేసు అనే మనిషి ఉన్నాడని, గవర్నరు పిలాతు కాలంలో చంపేశారని క్రైస్తవులంటే గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. సిలువ సుమారు 30వ సంవత్సరంలో అనుకుంటే, పౌలు కొరింథువాళ్ళకి రాసింది 55 ప్రాంతంలో. అందులో 15వ అధ్యాయం దగ్గర "నాకు అప్పగించబడినదాన్నే మీకు అప్పగించాను" అని సాక్షుల పేర్లు వరసగా చెబుతాడు. అంటే ఆ వరస ఆయన కంటే ముందే జనం నోళ్ళలో ఉంది. ఇది వందేళ్ళ తర్వాత అల్లిన కథ కాదు. ఇంకోటి, ఖాళీ సమాధి మొదట చూసింది ఆడవాళ్ళు. ఆడవాళ్ళ సాక్ష్యానికి విలువ ఇవ్వని రోజుల్లో కథ కల్పించేవాడు అలా రాస్తాడా?

హేతువాది_గాజువాక
శనివారం, రాత్రి 9:55

బాగా చెప్పారు. యేసు అనే మనిషే లేడనే మూర్ఖుల్లో నేను లేను. మీరు చూపించింది శిష్యులు గట్టిగా నమ్మారనడానికి ఆధారం. నమ్మినది జరిగిందనడానికి కాదు. తత్వవేత్త హ్యూమ్ అన్నది ఇదే: అద్భుతం జరిగింది అనడం కంటే సాక్షి పొరబడ్డాడు అనడం ఎప్పుడూ తేలిక. మనుషులు ప్రేమించినవాళ్ళు పోయాక వాళ్ళని చూస్తారు. మా అమ్మ పోయిన నెలకి వంటింట్లో గాజుల చప్పుడు విన్నాను. నేను, హేతువాదిని! విన్నానంటే విన్నాను. అయినా అమ్మ లేచింది అనను.

పాత_పోస్టాఫీసు
శనివారం, రాత్రి 10:30

గాజుల చప్పుడు దగ్గర ఆగిపోయానండీ. దానికి వాదం చెయ్యను.

ఒక్కటే తేడా చెప్తాను. దుఃఖంలో ఉన్నవాళ్ళు చూశారంటే సరే. పౌలు దుఃఖంలో లేడు, ఆ గుంపుని జైళ్ళలో వేయిస్తున్నాడు. యేసు తమ్ముడు యాకోబు అన్న బతికుండగా నమ్మలేదు. తర్వాత యెరూషలేము సంఘానికి పెద్దయ్యాడు, రాళ్ళు రువ్వి చంపారని జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడు రాశాడు. వీళ్ళని తిప్పింది ఏమిటి? ఇక్కడితో లెక్క తేలిపోతుందని నేననను. ఇక్కడి నుంచి ఒక అడుగు వెయ్యాలి, నేను వేశాను. కళ్ళు మూసుకుని మాత్రం వెయ్యలేదు.

హేతువాది_గాజువాక
శనివారం, రాత్రి 10:41

నేను వెయ్యలేదు. కానీ మీరు నిలబడ్డ చోటు కనిపించింది. థాంక్స్.

జగదాంబ_జంక్షన్
శనివారం, రాత్రి 10:50

మధ్యలో ఒక డౌటు. తండ్రి, కొడుకు, ఆత్మ అంటే మా త్రిమూర్తుల్లాగే కదా?

భీమిలి_తెలుగు_టీచరు
శనివారం, రాత్రి 11:15

కాదండీ. ముగ్గురు దేవుళ్ళు కాదు, పని విభజన కూడా కాదు, ఒకే దేవుడు మూడు వేషాలు వెయ్యడమూ కాదు. దేవుడు ప్రేమ అంటాం కదా, సృష్టి లేనప్పుడు ఎవరిని ప్రేమించాడు? ఆయనలోనే ప్రేమించేవాడు, ప్రేమ అందుకునేవాడు ఉన్నారు అన్నదే నాకు అర్థమైన త్రిత్వం. నీళ్ళు, మంచు, ఆవిరి అని సండేస్కూల్లో చెప్పే పోలిక తప్పు, దయచేసి మానేద్దాం. 325లో నీకయ సభ నుంచి తలలు పండినవాళ్ళు కుస్తీ పట్టిన విషయం, రాత్రి పదకొండు గంటలకి ఇంతే.

గోపాలపట్నం_9
ఆదివారం, మధ్యాహ్నం 2:10

మందిరం నుంచి వచ్చి ఇదంతా చదివాను. పునరుత్థానం గురించి నాకు పేచీ లేదు. నాకు అడగాల్సింది వేరే ఉంది.

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకైన సంగతి అందరికీ తెలుసు. మా చిన్నాన్నవాళ్ళు ఆ పక్కనే. ముక్కులు మండి లేచి, చీకట్లో ఎటు పరిగెడుతున్నారో తెలీకుండా పరిగెత్తారు. దారిలో మనుషులు, ఆవులు పడి ఉన్నాయి. చిన్నాన్న బతికాడు గానీ వాళ్ళ పక్కింటి పాప బతకలేదు. ఆ తర్వాత ఓ ప్రార్థన కూడికలో ఒకాయన లేచి "ప్రార్థించే ఇళ్ళని దేవుడు కాపాడాడు" అని సాక్ష్యం చెప్పాడు. అందరూ హల్లెలూయా అన్నారు. ఆ పాప వాళ్ళమ్మ మా సంఘమే. మూడో వరసలో కూర్చుని ఉంది. ఆమె మళ్ళీ రాలేదు.

ఆమె నన్ను అడిగితే ఏం చెప్పాలి?

ఉక్కునగరం_పెద్దాయన
ఆదివారం, సాయంత్రం 4:30

తమ్ముడూ, మధ్యాహ్నం నుంచి రాసి చెరిపేస్తున్నాను.

ఆ సాక్ష్యం చెప్పింది నేను కాదు. కానీ అలాంటిదే నేనూ చెప్పాను. 2014 అక్టోబరు 12 తుఫాను, హుద్‌హుద్. మా క్వార్టర్‌కి ఏమీ కాలేదు. ఒక్క కిటికీ అద్దం కూడా పగల్లేదు. తర్వాత ఆదివారం కూడికలో లేచి, రాత్రంతా మోకాళ్ళ మీద ఉన్నాం కాబట్టి ప్రభువు మా ఇంటి చుట్టూ కంచె వేశాడని చెప్పాను. నా వెనక బెంచీలో ఒక విధవరాలు. అగనంపూడి అవతల రేకుల ఇల్లు. రేకులన్నీ ఎగిరిపోయాయి. ఆమె కూడా రాత్రంతా ప్రార్థించింది. కూడిక అయ్యాక నా దగ్గరికి వచ్చి "అయ్యా, నేను తప్పుగా ప్రార్థించానా?" అని అడిగింది. మెల్లగానే అడిగింది. మా క్వార్టర్ ఆర్‌సీసీ శ్లాబు, ఆమెది రేకు. కంచె కాదమ్మా, కాంక్రీటు అని నేను చెప్పాలి. చెప్పలేదు.

లూకా 13లో సిలోయములో గోపురం పడి 18 మంది చనిపోయారు. వాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా, కాదు అని ప్రభువే చెప్పాడు. ఆ వాక్యం మీద నేను రెండుసార్లు ప్రసంగం కూడా చేశాను.

భీమిలి_తెలుగు_టీచరు
ఆదివారం, సాయంత్రం 5:05

బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా తప్పే, చివర్లో దేవుడే అంటాడు ఆ మాట. గోపాలపట్నం గారూ, ఆమె అడిగితే కాదు, అడక్కముందే వెళ్ళండి. జవాబు పట్టుకెళ్ళకండి. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, లేపబోతున్నానని తెలిసి కూడా, యేసు కన్నీళ్ళు విడిచాడు. నాకు ఆ వాక్యం ఎందుకుందో చాలా ఏళ్ళు తెలియలేదు.

హేతువాది_గాజువాక
ఆదివారం, సాయంత్రం 5:40

ఈ ప్రశ్న మీద నా దగ్గర తయారుగా నాలుగు పేజీల వ్యాసం ఉంది. పెట్టడం లేదు. పెద్దాయన గారూ, నమస్కారం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇందులో ప్రాణాలు పోతాయి. మా మేనత్త స్వస్థత కూటానికి వెళ్ళి వచ్చి, "షుగరు పోయింది" అని ఇన్సులిన్ మానేసింది. పదో రోజుకి పెద్దాసుపత్రిలో వేశాం. బతికింది. జబ్బులు మంత్రంతో తగ్గిస్తామని ప్రకటనలివ్వడం మీద 1954 నుంచి చట్టం ఉంది. నాలాంటివాడు ఆ కూటాల గురించి అరిస్తే దైవద్వేషి అంటారు. మీరు అరవండి.

ఉక్కునగరం_పెద్దాయన
ఆదివారం, సాయంత్రం 6:10

అరుస్తాను. మా సంఘంలో షుగరు, బీపీ మాత్రలు మానకూడదని ప్రార్థనకి ముందే చెప్పే నియమం పెట్టిస్తాను. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా.

సింహాద్రి_కిరణ్
ఆదివారం, రాత్రి 8:00

శాంతి గారు ఎక్కడ? అందరం ఆవిడ పేరు చెప్పుకుని మాట్లాడుకుంటున్నాం.

రుషికొండ_శాంతి
సోమవారం, రాత్రి 9:15

ఇక్కడే ఉన్నాను, అన్నీ రెండేసిసార్లు చదివాను. ఇవాళ జరిగింది చెప్తాను.

పొద్దున్నే వెళ్ళి అతని డెస్కు దగ్గర నిలబడ్డాను. వారం రోజులు రిహార్సల్ చేసినా పోనంత టెన్షన్. కొరింథు, పౌలు, అంగడి, అన్నీ వరసగా చెబుదామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది: "శుక్రవారం 'మేం' అన్నాను, తప్పు. తిననిది నేను. నువ్వు తెచ్చావని నాకు సంతోషమే." తర్వాత టీచరు గారు చెప్పిన మాట నా మాటల్లో చెప్పాను. అది నీకు ఉత్త తిండి కాదు, నాకూ ఉత్త తిండి కాదు, అందుకే తీసుకోలేకపోయాను, నా ఆరాధన వేరొకరికి ఇచ్చేశాను అని.

అతను హెడ్‌ఫోన్ తీసి అంతా విన్నాడు. విని, "పోయిన డిసెంబర్లో నువ్వు క్రిస్మస్ కేకు తెచ్చావు గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది. "నేను అయ్యప్ప మాలలో ఉన్నాను. గుడ్డు ఉంటుందని వద్దన్నాను. నువ్వు నాకోసం రెండు అరటిపళ్ళు కొని తెచ్చావు. నాకు అది గుర్తొచ్చి, శుక్రవారం నేనే అనవసరంగా ఫీలయ్యాను అనుకున్నాను, చెప్పడానికి మొహం చెల్లలేదు."

అరటిపళ్ళ సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. మధ్యాహ్నం ఎదురుగానే కూర్చున్నాడు. తినేటప్పుడు అడిగాడు: "మరి నువ్వు ఆరాధన ఇచ్చేసిన ఆయన గురించి ఎప్పుడూ చెప్పలేదేం?" చెప్పడం మొదలుపెట్టాను. లంచ్ బ్రేక్ అయిపోయింది. రేపు మిగతాది.

పాత_పోస్టాఫీసు
సోమవారం, రాత్రి 9:32

రేపు తోమా గురించి చెప్పేటప్పుడు సంప్రదాయం అని చెప్పు తల్లీ, రుజువు అనకు. హేతువాది గారు వింటున్నారు.

హేతువాది_గాజువాక
సోమవారం, రాత్రి 9:40

వింటున్నాను. 314 కూడా మర్చిపోవద్దు.

గోపాలపట్నం_9
సోమవారం, రాత్రి 10:05

సాయంత్రం ఆ పాప వాళ్ళింటికి వెళ్ళాను. టీ ఇచ్చింది. ఏమీ మాట్లాడుకోలేదు. మళ్ళీ వచ్చే సోమవారం వెళ్తాను.

జగదాంబ_జంక్షన్
సోమవారం, రాత్రి 10:20

శాంతి గారూ, ఈ డిసెంబరుకి గుడ్డు లేని ప్లమ్ కేకు చేసేవాళ్ళు ఎంవీపీ కాలనీలో ఉన్నారు. కావాలంటే మెసేజ్ పెట్టండి. నేనూ మాల వేస్తున్నాను, నాకూ ఒక ముక్క ఉంచండి.